గ్రాఫిక్స్ కార్డ్ మార్చినా ఫ్లైట్ సిమ్యులేటర్‌లో 19 ఫ్రేములే! ఎక్కడ తప్పు చేశాను?

రేకులగది_పైలట్ (హన్మకొండ)
ఏప్రిల్ 11, రాత్రి 9:40

అన్నలకు, అక్కలకు నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. తిట్టకుండా చదవండి.

నా దగ్గరున్నది ఒక ఆఫీసు వాళ్లు పాతదని తీసేస్తుంటే కొన్న డెస్క్‌టాప్. ఐ5-4590, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. దీంట్లో 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అనే విమానం నడిపే గేమ్ వేశా. పాత కార్డుతో సెకనుకు 15, 16 ఫ్రేములు (బొమ్మలు) వచ్చేవి. ఎవరిని అడిగినా ‘గ్రాఫిక్స్ కార్డ్ వెయ్యి, దానంతటదే ఎగురుతది’ అన్నారు. ట్యూషన్లు చెప్పి ఏడాది పాటు కూడబెట్టిన డబ్బులతో సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీది కొన్నా. దాని కోసం ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) కూడా మార్చా.

నిన్న రాత్రి అన్నీ బిగించి శంషాబాద్ రన్‌వే మీద ఎయిర్‌బస్ ఎక్కి కూర్చుంటే 19 ఫ్రేములు. పెరిగింది మూడంటే మూడు. మధ్యమధ్యలో రెండేసి సెకన్లు బొమ్మ ఆగిపోతోంది కూడా. గేమ్ అడిగే కనీస ప్రాసెసర్ ఐ5-4460, నాది దానికంటే ఒక మెట్టు పైనే. టాస్క్ మేనేజర్‌లో చూస్తే సీపీయూ 70 శాతం, కార్డు 30 శాతం. ఏదీ నిండలేదు. మరి ఎవరు ఆపుతున్నట్టు?

మా నాన్నకు ఇంకా ఈ 19 సంగతి చెప్పలేదు.

---

కాజీపేట_డౌన్‌లైన్ (కాజీపేట)
ఏప్రిల్ 11, రాత్రి 10:05

తమ్మీ, కార్డు మంచిదే. దాని తప్పేం లేదు. సీపీయూ మార్చాలి.

---

రేకులగది_పైలట్
ఏప్రిల్ 11, రాత్రి 10:11

సీపీయూ అంటే మొత్తం డబ్బానా అన్నా? మొన్ననే కదా కొత్త ఎస్ఎంపీఎస్ వేయించింది.

---

కాజీపేట_డౌన్‌లైన్
ఏప్రిల్ 11, రాత్రి 10:30

డబ్బా కాదు నాయనా, ప్రాసెసర్. మన దగ్గర క్యాబినెట్ మొత్తాన్ని సీపీయూ అని పిలిచే అలవాటు ఎప్పుడు పోతుందో. రోజూ నా రిపేరు టేబుల్ మీదికి ‘సీపీయూ పాడైంది’ అని వస్తాయి, తీరా విప్పితే పోయింది పవర్ బటన్.

నా మాట నమ్మొద్దు, నువ్వే చూసుకో. గేమ్ సెట్టింగుల్లో జనరల్ కింద డెవలపర్ మోడ్ ఆన్ చెయ్యి. పైన ఒక మెనూ వస్తుంది. అందులో డీబగ్, దాని కింద డిస్‌ప్లే ఎఫ్‌పీఎస్. అక్కడ ‘లిమిటెడ్ బై’ అని పేరు చెప్పేస్తుంది. మెయిన్ థ్రెడ్ అని వస్తే ప్రాసెసర్, జీపీయూ అని వస్తే కార్డు. పక్కనే మిల్లీసెకన్లు ఉంటాయి. 30 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ పట్టకూడదు. 60 కావాలంటే 16.7.

ఇంకో పరీక్ష. రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించు. ఫ్రేములు పెరిగితే కార్డు బలహీనం. అక్కడే ఉంటే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురు చూస్తోందని అర్థం.

---

రేకులగది_పైలట్
ఏప్రిల్ 11, రాత్రి 11:02

చూశా అన్నా. మెయిన్ థ్రెడ్ 52, జీపీయూ 14. రిజల్యూషన్ దించితే బొమ్మ పాడైంది గానీ ఫ్రేములు అవే 19.

అర్థం కానిది ఒక్కటే. నాలుగు కోర్లున్నాయి, 70 శాతమే వాడుతోంది. ఆ మిగతా 30 ఎందుకు వాడుకోదు?

---

ఎనుమాముల_లెక్కలు (వరంగల్)
ఏప్రిల్ 12, ఉదయం 6:50

ఇది నేను చెప్తా. నాకు కంప్యూటర్ల కంటే మార్కెట్ యార్డ్ ఎక్కువ తెలుసు.

ఎనుమాముల యార్డుకు మిర్చి సీజన్‌లో వచ్చి చూడు. ట్రాక్టర్లు గేటు దాకా బారు తీరి ఉంటాయి. బస్తాలు దించడానికి పది మంది హమాలీలు ఉన్నారు, కానీ కాంటా ఒక్కటే అనుకో. ప్రతి బస్తా ఆ కాంటా ఎక్కి దిగాల్సిందే. హమాలీల్లో సగం మంది బీడీ కాలుస్తూ కూర్చుంటారు. నువ్వొచ్చి ‘హమాలీలు 70 శాతమే పని చేస్తున్నారు, మరి బండ్లు ఎందుకు కదలవు’ అని అడుగుతున్నావు.

ఆ కాంటాయే మెయిన్ థ్రెడ్. విమానం రెక్క మీద గాలి ఎంత, దాన్ని బట్టి విమానం ఎటు ఒరుగుతుంది, అప్పుడు కాక్‌పిట్ తెరల మీద ఏం కనపడాలి, కింద నేల ఏ ముక్క తేవాలి, పక్కన వచ్చే విమానం ఎక్కడుంది... వీటిలో చాలావాటికి ముందుదాని జవాబు వస్తే గానీ తర్వాతిది మొదలుకాదు. అలాంటి పనిని నాలుగు కోర్లకు పంచలేం. ఒక కోరు ఎంత వేగంగా చేస్తే అంతే. నీది 2014 నాటి కోరు.

కొత్త గ్రాఫిక్స్ కార్డ్ కొనడమంటే యార్డు బయట పెద్ద లారీ తెచ్చి పెట్టడం. కాంటా దాటి సరుకు వస్తేనే కదా లారీ నిండేది.

---

గని_షిఫ్టు (గోదావరిఖని)
ఏప్రిల్ 12, ఉదయం 7:20

కాంటా మాట బాగుంది కాకా. నైట్ షిఫ్ట్ దిగి చదివి నవ్వుకున్నా.

తమ్ముడూ, రెండేసి సెకన్లు బొమ్మ ఆగిపోవడం మాత్రం వేరే జబ్బు. 8 జీబీ ర్యామ్ నిండిపోతే విండోస్ మిగతాది హార్డ్ డిస్క్ మీద రాస్తుంది. అది తిరిగే డిస్క్, దాని వేగం మన సర్వీసు బస్సు వేగం. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వేసి ర్యామ్ 16 చేస్తే ఆగడం పోతుంది. ఫ్రేములు మాత్రం పెద్దగా పెరగవు. నాకు అదే జరిగింది.

---

ఆల్ట్రా_అన్న (కరీంనగర్)
ఏప్రిల్ 12, ఉదయం 9:15

16 ఏంటి బాసూ. 32 లేకుండా సిమ్యులేటర్ జోలికి పోవద్దు. 4కే మానిటర్, 4080 కార్డు, అన్నీ ఆల్ట్రా. లేకపోతే ఆడకపోవడమే మేలు. బస్ టికెట్‌కు డబ్బుల్లేవని రూఫ్ ఎక్కి పోయినట్టుంటది.

---

జగిత్యాల_టు_గల్ఫ్
ఏప్రిల్ 12, ఉదయం 11:40

ఆల్ట్రా తమ్ముడూ, మేమంతా ఆ రూఫ్ ఎక్కే ఇక్కడిదాకా వచ్చినం.

నేను పదకొండేళ్లుగా ఇక్కడొక ఎయిర్‌పోర్టులో ర్యాంప్ మీద పని చేస్తున్నా. రోజూ పొద్దున లేస్తే విమానాల కడుపు కిందే. రూమ్‌లో నలుగురం, నా మంచం పక్కన చిన్న టేబుల్, దాని మీద ఒక ల్యాప్‌టాప్. జీటీఎక్స్ 1650, మీడియం సెట్టింగులు. 30 ఫ్రేముల దగ్గర లాక్ చేసి పెట్టుకున్నా, మూడేళ్లుగా ఆడుతున్నా. తుపాకుల గేముల్లో అయితే 30 ఫ్రేములంటే చస్తాం. విమానం అలా కాదు, నెమ్మదిగా ఒరుగుతుంది. కదలకుండా నిలబడే 30 నాకు హాయి. 45కి ఎక్కి 22కి పడే ఫ్రేములతోనే కళ్లు తిరుగుతాయి.

---

ఎక్స్‌ప్లేన్_ఏకలవ్యుడు (నిజామాబాద్)
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:10

ఇంతమంది మాట్లాడుతున్నారు, ఒక్కరూ ఎక్స్‌ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్ పేరెత్తలేదు. రెక్కను ముక్కలుముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్క మీద గాలి బలం లెక్కగడుతుంది అది. బ్లేడ్ ఎలిమెంట్ థియరీ అంటారు. నేల మొత్తం డిస్క్ మీదే ఉంటుంది కాబట్టి నెట్ పోయినా ఎగరొచ్చు. ఉచిత డెమో ఉంది, కొనే ముందే మీ కంప్యూటర్‌లో నడుస్తుందో లేదో చూసుకోవచ్చు. అసలు డబ్బే వద్దనుకుంటే ఫ్లైట్‌గేర్ ఉంది, పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్.

---

ఆల్ట్రా_అన్న
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:25

మన కరీంనగర్ మానేరు డ్యామ్ దాంట్లో ఎట్లుంటదో చూసినవా? గడ్డి, గడ్డి మధ్యల నీళ్లు.

---

ఎక్స్‌ప్లేన్_ఏకలవ్యుడు
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:31

ఎగరడానికి వస్తారా, డ్యామ్ చూడ్డానికి వస్తారా?

---

గని_షిఫ్టు
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2:00

డ్యామ్ చూడ్డానికే అన్నా. నిజం చెప్తున్నా, నేను ఆ గేమ్ కొన్నదే మా ఓపెన్‌కాస్ట్ గని పైనుంచి ఎట్లుంటదో చూద్దామని. రోజూ దిగేది దాంట్లోకే, పైనుంచి ఎన్నడూ చూళ్లేదు. మొదటిసారి చూసినప్పుడు ఇంట్లో వాళ్లందర్నీ పిలిచిన. మా అమ్మ ‘ఇంత పెద్ద బొంద తవ్విన్రా’ అన్నది.

---

మబ్బులపిల్ల (కరీంనగర్)
ఏప్రిల్ 12, సాయంత్రం 5:45

బొంద అన్న ఆంటీకి నా నమస్కారం.

నేను కమర్షియల్ పైలట్ లైసెన్స్ శిక్షణలో ఉన్నాను. 200 గంటల ఎగురుడు పూర్తి చేయాలి. ఇంట్లో సిమ్యులేటర్ గంటలు లాగ్‌బుక్‌లోకి ఎక్కవు, ముందే చెప్తున్నా, ఎందుకంటే వారానికి ఇద్దరు మెసేజ్ పెట్టి అదే అడుగుతారు. అయినా నేను వాడతాను. చెక్‌లిస్టులు నోటికి రావాలన్నా, వీఓఆర్ (నేల మీది రేడియో కేంద్రం దిశ చూపే మీటరు) సూది చూసి దారి పట్టుకోవాలన్నా, రేడియోలో ఏం మాట్లాడాలో తడబడకుండా చెప్పాలన్నా ఇంట్లో వందసార్లు చేసుకోవచ్చు. అక్కడ గంటకు వేలల్లో కట్టి తడబడటం ఎందుకు? ఒక చెడ్డ అలవాటు కూడా అంటుకుంది. తెర మీద మీటర్లనే చూసి నేర్చుకున్నా కదా, నిజం విమానంలో కూడా బయటకు చూడకుండా మీటర్లే చూస్తున్నానని ఇన్‌స్ట్రక్టర్ గారు ఒకరోజు అట్టతో అవన్నీ మూసేశారు.

ఇక రేకులగదికి. నువ్వు ఎయిర్‌బస్‌లో పరీక్షించావు. ఆ తెరలు ఉన్నాయి చూడు, అవి ఒక్కోటి లోపల వెబ్ పేజీ లాంటివి. అన్నీ ఒకేసారి గీసుకోవాలంటే ప్రాసెసర్ మీద భారం. అదే చోట సెస్నా 152 తీసుకో, అన్నీ సూదుల మీటర్లే. ఎన్ని ఫ్రేములు వస్తాయో చెప్పు. సెట్టింగుల్లో గ్లాస్ కాక్‌పిట్ రిఫ్రెష్ రేట్ అని కూడా ఉంటుంది, దాన్ని లో లేదా మీడియం చెయ్యి.

---

రేకులగది_పైలట్
ఏప్రిల్ 12, రాత్రి 10:20

అక్కా, సెస్నాలో 27 వచ్చింది! శంషాబాద్‌లోనే. తర్వాత మ్యాప్‌లో మా వరంగల్ పాత ఎయిర్‌పోర్టు మామునూరు మీద వేలు పెట్టి గాల్లోంచే మొదలుపెడితే 33. ఖిల్లా వరంగల్ మీద తిరిగా. రాతి కోట గుండ్రంగా, దాని చుట్టూ మట్టి కోట ఇంకో గుండ్రం, పళ్లెంలో పళ్లెం పెట్టినట్టు. భద్రకాళి చెరువు ఉంది. వేయి స్తంభాల గుడి చోట మాత్రం ఏదో డబ్బా బిల్డింగ్ లేచింది.

మా ఊరి మీద బాగానే వస్తుంటే శంషాబాద్‌లో ఎందుకు రాదు?

---

కాజీపేట_డౌన్‌లైన్
ఏప్రిల్ 12, రాత్రి 10:50

గుడి సంగతి ముందు. ఆ గేమ్ బింగ్ మ్యాప్స్ ఉపగ్రహ చిత్రం చూసి ‘ఇక్కడో కప్పు ఉంది’ అని కనిపెట్టి, తనకు తోచిన బిల్డింగ్ నిలబెడుతుంది. కప్పు కింద వెయ్యి స్తంభాలున్నాయని దానికేం తెలుసు. లండన్, న్యూయార్క్ లాంటి చోట్ల అయితే ఫోటోగ్రామెట్రీ ఉంటుంది, ప్రతి భవనాన్నీ ఫోటోల నుంచి అచ్చంగా అలాగే కట్టారు. మనకు ఆ భాగ్యం లేదు. అందుకే మన ఊరి మీద తేలిగ్గా ఎగురుతోంది. పేదరికం కూడా ఒక్కోసారి ఫ్రేములిస్తుంది.

శంషాబాద్‌లో టెర్మినల్, నిలబడ్డ విమానాలు, కదిలే బండ్లు, అన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకే ఎప్పుడూ నువ్వు ఎగరబోయే చోట్లలో అన్నిటికంటే బరువైనదాని దగ్గరే సెట్టింగులు చూసుకోవాలి. మామునూరు మీద చూసుకుని మురిసిపోతే లండన్‌లో దిగేటప్పుడు ఏడుస్తావు.

డబ్బు ఖర్చు పెట్టకముందు రెండు పనులు చెయ్యి. టెర్రైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్ అనే స్లైడర్ 200 మీద ఉంటే 100కి దించు. ఎంత దూరం దాకా నేలను వివరంగా చూపాలో చెప్పేది అదే, మెయిన్ థ్రెడ్‌ను పీల్చేదీ అదే. ఎయిర్‌పోర్టు బండ్లు, పనివాళ్ల సంఖ్య, విమానాల రాకపోకలు తగ్గించు. మేఘాలు, నీడలు, రెండర్ స్కేల్ (బొమ్మ ఎంత స్పష్టంగా గీయాలో) మాత్రం ముట్టుకోకు, అవి కార్డు పని. నీ కార్డు ఎలాగూ ఖాళీగా ఉంది, దానికి పని చెప్పు.

---

జగిత్యాల_టు_గల్ఫ్
ఏప్రిల్ 12, రాత్రి 11:30

మామునూరు పేరు వినగానే ప్రాణం లేచొచ్చింది. 1930లో నిజాం కాలంలో కట్టింది, 1981 దాకా విమానాలు దిగినయ్ అంటారు. మా మామ చిన్నప్పుడు గోడ బయట నిలబడి చూసేవాడట. తర్వాత ఎన్ని ఎన్నికల్లో ఎన్ని హామీలో! హైదరాబాద్ ఎయిర్‌పోర్టు ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకోటి రాకూడదన్న షరతు అడ్డం ఉండేది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చినప్పుడు ఇక్కడ మా రూమ్‌లో బిర్యానీ చేసుకున్నం. మా బసంత్‌నగర్ రన్‌వే సంగతి ఎవరికన్నా గుర్తుందా? సిమెంట్ ఫ్యాక్టరీ పక్కన. 80లలో ప్రభుత్వ కంపెనీ వాయుదూత్ విమానం వచ్చేది.

---

గని_షిఫ్టు
ఏప్రిల్ 13, ఉదయం 7:05

గుర్తు లేకేం. మా నాన్న ఇప్పటికీ చెప్తడు. ఎక్కలేదు, చూసిండంతే.

---

నిర్వాహకుడు
ఏప్రిల్ 13, ఉదయం 10:00

మామునూరు మీద వేరే చర్చ ఉంది, 41 పేజీలు. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ కంప్యూటర్ సంగతి.

---

రేకులగది_పైలట్
ఏప్రిల్ 13, రాత్రి 9:15

చెప్పినవన్నీ చేశా. ఎయిర్‌బస్‌లో 19 నుంచి 24. ఇంతకంటే పెరగట్లేదు. నాన్నకు చెప్పేశా. తిట్టలేదు, ‘ముందు అడిగి కొనాలి గదరా’ అన్నాడు, అది తిట్టు కంటే ఎక్కువ. మిగిలిన డబ్బులు, ఆయన కలిపేవి, అన్నీ కలిపి 30 వేల లోపు. ఏం కొనాలి?

---

కాజీపేట_డౌన్‌లైన్
ఏప్రిల్ 13, రాత్రి 10:40

ప్రాసెసర్ మారితే మదర్‌బోర్డు, ర్యామ్ కూడా మారాలి. నీ ర్యామ్ పాత డీడీఆర్3 రకం, కొత్తవాటిలో పెట్టలేవు. ఏఎం4 రకం బోర్డు తీసుకో, బీ550. దాని మీద రైజెన్ 5 5600 ప్రాసెసర్. 16 జీబీ డీడీఆర్4, ఒకే కర్ర కాకుండా 8, 8 రెండు కర్రలు, అప్పుడే రెండు దారుల్లో డేటా వస్తుంది. వేగమైన ఎస్ఎస్‌డీ, అంటే ఒక 1 టీబీ ఎన్‌వీఎంఈ. కార్డు, ఎస్ఎంపీఎస్ ఉన్నవే చాలు. 2025 చివర నుంచి ర్యామ్ రేటు మండిపోతోంది, అందుకే 32 మాట నేను ఎత్తట్లేదు. తర్వాత వేసుకోవచ్చు, బోర్డులో ర్యామ్ పెట్టే గాట్లు నాలుగున్నది చూసి కొను.

ఏఎం4లో అసలైన గుర్రం 5800ఎక్స్3డీ. 2022 ఏప్రిల్‌లో వచ్చింది. దాని ఎల్3 క్యాష్ 96 ఎంబీ, 5600లో 32. కాకా భాషలో చెప్పాలంటే, కాంటా పక్కనే వెయ్యాల్సిన బస్తాలు పేర్చి పెట్టుకునే జాగా అది. జాగా పెద్దదైతే మాటిమాటికీ గోదాముకు, అంటే ర్యామ్‌కు, పోయి రానక్కర్లేదు. ఎక్స్3డీ రకాలు మామూలు పనుల్లో పెద్ద తేడా చూపవు, ఈ సిమ్యులేటర్లలో మాత్రం ఉరుకుతాయి. అది కొత్తది దొరకడం ఇప్పుడు కష్టం. ఎప్పుడైనా సెకండ్ హ్యాండ్‌లో తగిలితే అదే బోర్డు మీద పెట్టుకోవచ్చు, బయోస్ (బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుంటే చాలు.

---

రేకులగది_పైలట్
ఏప్రిల్ 19, సాయంత్రం 6:30

కొన్నా. కానీ గొడవైంది.

ఒక షాపుకు పోయా, పేరు వద్దు. 5600 అని లిస్ట్ రాసిచ్చా. బిల్లు కట్టి, ప్యాక్ చేసే ముందు డబ్బా చూస్తే 5600జీ. అడిగితే ‘అదీ ఇదీ ఒకటే తమ్ముడూ, ఇందులో గ్రాఫిక్స్ కూడా ఉంటది, నీకే లాభం’ అన్నాడు. లాభం అన్నాడు కదా అని ఇంటికి తెచ్చేశా. ఇంకా సీల్ విప్పలేదు. విప్పొచ్చా?

---

కాజీపేట_డౌన్‌లైన్
ఏప్రిల్ 19, సాయంత్రం 6:34

విప్పకు!!

---

కాజీపేట_డౌన్‌లైన్
ఏప్రిల్ 19, సాయంత్రం 6:41

ఆ జీ అక్షరం ఒక్కదానికే క్యాష్ సగమైపోతుంది. 32 కాదు, 16 ఎంబీ. కార్డు లేనివాడికి 5600జీ వరం, నీకు కార్డు ఉంది. పొద్దున్నే బిల్లు, సీలు విప్పని డబ్బా పట్టుకుని పో. గొడవ పెట్టుకోకు, ‘మా అన్న వేరేది చెప్పిండు, తేడా డబ్బు ఉంటే ఇస్తా’ అను. అక్కడ ఇవ్వకపోతే చెప్పు, సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ల మార్కెట్) నేను సోమవారం ఎలాగూ పోతున్నా.

---

ఎనుమాముల_లెక్కలు
ఏప్రిల్ 19, రాత్రి 8:00

యార్డులో కూడా ఇదే. నాసిరకం తాలు మిర్చి, మేలురకం తేజ మిర్చి ఒకటే అంటాడు వ్యాపారి, అమ్మేటప్పుడు ఒకటే, కొనేటప్పుడు వేరు.

---

రేకులగది_పైలట్
ఏప్రిల్ 22, రాత్రి 11:55

మార్చి ఇచ్చారు. ఇద్దరు ఫ్రెండ్స్‌ను తోడు తీసుకుపోయా, వాళ్లు ఏం మాట్లాడలేదు, ఊరికే నిలబడ్డారు.

అదే శంషాబాద్, అదే ఎయిర్‌బస్, అదే రన్‌వే. మెయిన్ థ్రెడ్ 26. ఫ్రేములు 38. టెర్రైన్ స్లైడర్ మళ్లీ 150కి పెంచి, 30 దగ్గర లాక్ చేశా. మేఘాలు ఆల్ట్రా పెట్టినా కార్డు ఏమనట్లేదు. బొమ్మ ఆగడం పోయింది.

సెస్నాలో మామునూరు నుంచి శంషాబాద్ దాకా ముప్పావు గంట పట్టింది. మా నాన్న పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. జనగామ ఎక్కడొస్తదో చూపించమన్నాడు. చూపించా. ఆలేరు అన్నాడు. రైల్వే లైను పట్టుకుని పోయాం.

---

కాజీపేట_డౌన్‌లైన్
ఏప్రిల్ 23, ఉదయం 8:10

రైల్వే లైను పట్టుకుని పోయే పైలట్ మా కాజీపేటకు అల్లుడైనట్టే.

---

ఆల్ట్రా_అన్న
ఏప్రిల్ 23, ఉదయం 9:30

కంగ్రాట్స్ తమ్ముడు. ఇక 2024 వెర్షన్ కొను.

---

గని_షిఫ్టు
ఏప్రిల్ 23, మధ్యాహ్నం 3:15

ఆగు తమ్ముడూ, తొందరపడకు. 2024ది నేను వాడుతున్నా. డిస్క్ మీద 50 జీబీయే అడుగుతుంది, పాతది 150. చూసి సంబరపడ్డా. తీరా చూస్తే మిగతాదంతా ఎగురుతుండగా నెట్ నుంచి తెచ్చుకుంటుంది. కనీసం 10 ఎంబీపీఎస్, సిఫారసు 50. ర్యామ్ కనీసం 16, సిఫారసు 32, ఆదర్శంగా 64 అని రాశారు. 2024 నవంబర్ 19న విడుదలైన రోజు వాళ్ల సర్వర్లే మొరాయించి, కొన్నవాళ్లు లోడింగ్ తెర చూస్తూ కూర్చున్నారు. నేను కూడా కూర్చున్నా, షిఫ్టుకు సెలవు పెట్టి మరీ.

మా దగ్గర సాయంత్రం ఏడు దాటితే నెట్ పడిపోతది. అప్పుడు కింద నేల బురద పూసినట్టు కనిపిస్తది. రోలింగ్ క్యాష్ (ఒకసారి తెచ్చుకున్న నేలను దాచుకునే జాగా) ఎస్ఎస్‌డీ మీద పెట్టుకుంటే తరచూ తిరిగే చోట్లకు కొంత నయం.

ఇంకోటి, నీ పేరు చూసి అడుగుతున్నా. నిజంగానే రేకుల గదా?

---

రేకులగది_పైలట్
ఏప్రిల్ 23, సాయంత్రం 7:00

నిజంగానే అన్నా. మేడ మీద. మధ్యాహ్నం అయితే కుర్చీ ముట్టుకోలేం.

---

గని_షిఫ్టు
ఏప్రిల్ 23, రాత్రి 8:20

అయితే మే నెలలో నీ 38 ఫ్రేములు మధ్యాహ్నం తగ్గొచ్చు చూడు. గది వేడి 42 ఉంటే ఏ ఫ్యానైనా 42 గాలినే లోపలికి తోస్తది. ప్రాసెసర్ 90 దాటితే తనంతట తానే వేగం తగ్గించుకుంటది. క్యాబినెట్‌ను గోడకు జానెడు దూరం జరుపు. సైడ్ డోర్ తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టే పని చెయ్యకు, దుమ్ము మొత్తం లోపలే. మాకైతే బొగ్గు దుమ్ము, నెలకోసారి బ్లోయర్ కొట్టకపోతే హీట్‌సింక్ నల్లని దుప్పటి కప్పుకుంటది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకో. రేకుల మీద సున్నం వేయించు, అది కూడా హార్డ్‌వేర్ అప్‌గ్రేడే.

---

మబ్బులపిల్ల
ఏప్రిల్ 24, ఉదయం 6:15

ఇప్పుడు కీబోర్డుతో ఎగురుతున్నావా? అలా అయితే ఇక మీద వచ్చే డబ్బుల్లో మొదటిది జాయ్‌స్టిక్‌కు. ఫ్రేములు పెంచితే బొమ్మ బాగుంటుంది, జాయ్‌స్టిక్ ఉంటే విమానం నీ మాట వింటుంది. హాల్ ఎఫెక్ట్ సెన్సర్ ఉన్నది చూడు. లోపల రాపిడి ఉండదు, అయస్కాంతంతో చదువుతుంది, ఏడాదికే మధ్యలో వణకడం ఉండదు. ట్రిమ్‌కు, అంటే చెయ్యి తీసినా ముక్కును అదే ఎత్తులో నిలిపేదానికి, రెండు బటన్లు కేటాయించుకో.

---

రేకులగది_పైలట్
ఏప్రిల్ 28, రాత్రి 8:50

జాయ్‌స్టిక్ మా పిన్ని కొడుకు దగ్గర పడి ఉంటే తెచ్చుకున్నా. కానీ ఇవ్వాళ ఏం జరిగిందో వినండి. శంషాబాద్ చేరుతున్నా, 400 అడుగులు, రన్‌వే సూటిగా, చక్రాలు కిందికి, జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాలేదు. ఠక్కున కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది, లైట్లు ఆరనే లేదు, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్!

---

కాజీపేట_డౌన్‌లైన్
ఏప్రిల్ 28, రాత్రి 9:05

ఇన్వర్టర్ వెనకాల ఒక చిన్న స్విచ్ ఉంటుంది చూడు. ఒకవైపు ఎకో, ఇంకోవైపు యూపీఎస్. ఎకోలో ఉంటే కరెంటు మారేటప్పుడు రెప్పపాటు సప్లై ఆగుతుంది, ఫ్యాన్‌కు తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది. యూపీఎస్ వైపు జరుపు. ఆ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్‌లోనే ఉందా లేదా అదీ చూసుకో.

---

రేకులగది_పైలట్
ఏప్రిల్ 28, రాత్రి 9:40

ఉంది అన్నా, సాలెగూడు కింద. ఆరేళ్ల నుంచి ఎకోలోనే ఉన్నట్టుంది. మార్చా. మా దగ్గర రోజూ ఆరున్నరకు ఎట్లాగూ కరెంటు పోతది. రేపు సరిగ్గా ఆ టైముకే ల్యాండింగ్ పెట్టుకుంటా.